మా నాన్నని కొట్టిన పోలీసుతో ఒకే కమిటీలో

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం, ఆయన నా షాపు ముందు బండికి స్టాండు వేస్తూండగానే గుర్తుపట్టాను. పొట్ట పెరిగింది. జుట్టు పలచబడింది. పన్నెండేళ్ళ కిందట హెడ్ కానిస్టేబులుగా ఉన్న మనిషి ఇప్పుడు ఏఎస్సై అయ్యాడు. ‘ఆయన’ అని మర్యాదగా రాస్తున్నాను గానీ, మనసులో నేను ఎప్పుడూ ‘వాడు’ అనే అనుకున్నాను. రాత వేరు, మనసు వేరు.

నాది జిరాక్సు షాపు. అనకాపల్లి నుంచి ఎలమంచిలి వెళ్ళే దారిలో, హైవే మీద మా ఊరి జంక్షన్లో ఉంటుంది. ఆధార్ కార్డులూ, పట్టాదారు పాసు పుస్తకాలూ, పిల్లల హాల్ టికెట్లూ, అర్జీలూ అన్నీ నా చేతిమీదుగానే వెళ్తాయి. ఊళ్ళోనే ఉన్న మేనత్త కొడుకుని, బావనే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఊరు విడిచిపోలేదు. డ్వాక్రా సంఘానికి లీడర్ని కూడా. అందుకే ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“ఈ కరపత్రం వంద కాపీలు తియ్యాలమ్మా,” అన్నాడు.

మీ ఊరు, మీ పోలీసు అని పైన పెద్దక్షరాల్లో ఉంది. ప్రతి రెండో శనివారం ఉదయం పంచాయతీ ఆఫీసులో సమావేశం, భయం లేకుండా రండి, మీ సమస్య చెప్పండి. మెషీను ఒక్కొక్క కాగితాన్నీ బయటికి తోస్తుంటే ఆ ‘భయం లేకుండా’ అన్న మాట వందసార్లు నా కళ్ళముందు నుంచి వెళ్ళింది.

“మా కొత్త ఎస్సై గారి ఐడియా అమ్మా ఇది. పోలీసూ పబ్లిక్కూ ఒక కుటుంబంలా ఉండాలని. మీ మాట ఆడవాళ్ళందరూ వింటారంట కదా. కమిటీలోకి మీరు రావాలి.”

“తప్పకుండా వస్తానండి,” అన్నాను. అంత నవ్వు మొహంతో ఎలా అనగలిగానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా నాన్న మోటార్లకి వైండింగ్ చేసేవాడు. చెరుకు తోటల్లో బోరు మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళ రైతులు మా ఇంటి పక్క రేకుల షెడ్డుకే తెచ్చేవారు. కాలిపోయిన రాగి తీగ విప్పి ఒక మూల పోగేసేవాడు, కొత్త తీగ చుట్టేవాడు. చుట్టు చుట్టుకీ పెదాలతో లెక్కపెట్టుకునేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా వేలెత్తి ఆగమనేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఆ వేసవిలో పొలాల్లో మోటార్లు విప్పి రాగి తీగ ఎత్తుకుపోవడం మొదలైంది. రైతులు గోల పెట్టారు. ఒక రోజు ఉదయం పదింటికి జీపు వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. హెడ్ కానిస్టేబులు దిగి, మూలనున్న తీగని బూటుతో కదిపాడు.

“ఇదెక్కడిదిరా?”

“కాలిపోయిన మోటార్లయి బాబూ. ఇప్పి పారేసినయి. ఏ మోటారు ఎవరిదో సెప్పగల్ను, రాసి పెట్టుకున్నాను,” అన్నాడు నాన్న.

ఆ రాసిన పుస్తకం తేవడానికి నాన్న లోపలికి తిరిగాడు. తిరిగినవాణ్ణి భుజం పట్టుకు లాగి కొట్టాడు. ఎడమ చెంప మీద, చెవితో కలిపి. ఎదురుగా టీ బడ్డీ దగ్గర పదిహేను మంది ఉన్నారు. మా నాన్నని ‘బావా’ అనేవాళ్ళు ఉన్నారు, ‘మామా’ అనేవాళ్ళు ఉన్నారు. ఒక్కడూ లేవలేదు. నేను గుమ్మంలో నిలబడి ఆ మనిషి జేబు మీది పేరు చదువుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాయకపోయినా నాకు మరుపు రాదు.

రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. కేసు లేదు, కాగితం లేదు. మూడో రోజు బస్సు దిగి నడిచి వచ్చాడు. ఎడమ చెవి నుంచి చీము కారింది కొన్నాళ్ళు, తరవాత ఆ చెవి పూర్తిగా పోయింది. నెల తిరక్కుండా అసలు దొంగలు పాయకరావుపేట వైపు వ్యానుతో సహా దొరికారు. పేపర్లో చిన్న ముక్క పడింది. ఆ ముక్క ఊళ్ళో ఎవరూ చదవలేదు, చదివినవాళ్ళు మాట్లాడలేదు. పోలీసులు వచ్చి చెప్పనూ లేదు. మోటార్లు అనకాపల్లి వెళ్ళడం మొదలుపెట్టాయి. పిల్లలు మా నాన్నని ‘రాగోడు’ అని పిలవడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి షెడ్డు రేకులు విప్పి అమ్మేసి, నాన్న చెరుకు నరకడానికి కూలికి వెళ్ళాడు.

కమిటీలోకి ఎందుకు చేరానో చెప్పడానికి ఇదంతా చెప్పాల్సి వచ్చింది. ఊరికి సేవ చెయ్యాలని చేరలేదు. కక్ష తీర్చుకోవడానికి చేరాను. ఎలా తీర్చుకోవాలో మాత్రం అప్పటికి తెలీదు. దగ్గరగా ఉంటే దారి అదే దొరుకుతుందనుకున్నాను.

మొదటి శనివారం ఏడుగురు వచ్చారు. అందులో ముగ్గురు టిఫిను పెడతారనుకుని వచ్చినవాళ్ళు. ఎస్సై కుర్రవాడే, ముప్పై దాటి ఉండవు. ఏఎస్సైకి చెమటలు పడుతున్నాయి, ఈ పని అప్పజెప్పింది ఆయనకే మరి. రెండో సమావేశానికి నేను మా సంఘం ఆడవాళ్ళని నలభై మందిని తీసుకెళ్ళాను. ఫోన్లో ఓటీపీ చెప్పి మోసపోయినవాళ్ళు, తాగి వచ్చే మొగుళ్ళతో పడలేనివాళ్ళు, కాలేజీ బస్సు దగ్గర ఆకతాయిల గొడవ ఉన్న పిల్లల తల్లులు. ఆయన మొహం వెలిగిపోయింది.

“సిస్టర్, మీరు లేకపోతే ఈ కమిటీ లేదు,” అన్నాడు.

సిస్టర్ అన్నాడు నన్ను. ఇంటికొచ్చి స్నానం చేశాను.

ఆ రోజుల్లో ఆయన్ని ఎంత దగ్గరగా గమనించానో కట్టుకున్న భార్య కూడా గమనించి ఉండదు. షుగరు ఉంది, టీలో పంచదార వేసుకోడు. మోకాళ్ళ నొప్పులు. ముసలమ్మలతో సరదాగా మాట్లాడతాడు, వాళ్ళు నవ్వుతారు. ఆయన మాటకి ఒకసారి నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుకి నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవర్నీ తిట్టలేదు. మంచివాడిగా కనబడే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

మూడో సమావేశంలో మొదటి సూది గుచ్చాను. లేచి నిలబడి అన్నాను: “ఎస్సై గారూ, ఊళ్ళోంచి ఎవర్నయినా విచారణకి తీసుకెళ్తే, కమిటీలో ఇద్దరికి ముందు చెప్పాలి. ఎందుకు తీసుకెళ్తున్నారో పంచాయతీలో పుస్తకం పెట్టి అందులో రాయాలి. తిరిగి పంపినప్పుడు కూడా రాయాలి. ఎవర్నీ కొట్టకూడదు. అలా అయితే జనానికి మీమీద నమ్మకం కుదురుతుందండి.”

“అలా కుదరదు సిస్టర్. పోలీసు పని పుస్తకాల్లో రాస్తే ఇంకేం సాగుద్ది?” అన్నాడు ఏఎస్సై.

“ఎందుకు కుదరదు?” అని ఎస్సై ఆయన్నే అడిగాడు. ఆ పుస్తకం మొదటి పేజీలో ఆ నియమం ఆయన చేతే రాయించారు. పక్కన నిలబడి నేను చదివి చెబుతుంటే ఆయన రాశాడు. ‘కొట్టరాదు’ అన్న మాట దగ్గర కాస్త ఆగి, “రాయండి సార్,” అన్నాను. రాశాడు. కడుపులో చల్లగా అనిపించింది. కానీ అది ఒక్క గుక్క నీళ్ళు తాగినట్టే, దాహం తీరలేదు.

ఆ తరవాత ఒక సంగతి జరిగింది. పూడిమడక నుంచి మా ఊరికి చేపలు తెచ్చి అమ్మే ఒకామె మెళ్ళో పుస్తెలతాడు, జంక్షన్ దగ్గర పట్టపగలే బండి మీద వచ్చిన ఇద్దరు తెంపుకుపోయారు. ఆమె ఏడుస్తూ నా షాపులోకే వచ్చింది. పకోడీల బండి పెట్టే మా సంఘం వదిన ఆ బండి చూసింది. అంతకు అరగంట ముందు వాళ్ళు పంచరు షాపెక్కడని తననే అడిగారట. నేను ఏఎస్సైకి ఫోన్ చేశాను. వాళ్ళకి పంచరు వేసినవాడు నంబరు గుర్తుపెట్టుకున్నాడు. సాయంత్రానికి ఎలమంచిలి దాటకుండానే దొరికారు. పుస్తెలతాడు కళ్ళకద్దుకుని ఆమె ఏఎస్సై కాళ్ళ మీద పడబోయింది. ఆయన ఆపి, “నా కాళ్ళు కాదమ్మా, ఆ సిస్టర్ కాళ్ళు,” అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ పని ఆయన బాగానే చేశాడు.

ఆ వార్త జిల్లా దాకా వెళ్ళింది. పోలీసూ ఊరూ కలిస్తే ఎలా ఉంటుందో చూపించడానికి మా ఊరి హైస్కూలు ఆవరణలో సభ పెడతామన్నారు. అనకాపల్లి నుంచి పెద్దాఫీసరు వస్తారు. ఏఎస్సైకి ప్రశంసా పత్రం ఇస్తారు. కమిటీ తరపున నేను మూడు నిమిషాలు మాట్లాడాలి.

సభకి రెండు రోజుల ముందు ఆయన నా షాపుకి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. నేను మాట్లాడాల్సింది తనే రాసి తెచ్చాడు.

“ఊరికే, మీకు తేలిగ్గా ఉంటుందని. చివర్లో నా గురించి కూడా ఒక ముక్క చెప్పండి సిస్టర్. వచ్చే ఏడు రిటైరవుతున్నాను,” అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ.

“చెప్తానండి,” అన్నాను. “మీ గురించే చెప్తాను.”

ఆ సాయంత్రం బావ ఫార్మా కంపెనీ షిఫ్టు నుంచి రాగానే సంగతంతా చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

“మామకి సెప్పేవా?”

“లేదు. సభకి రమ్మన్నానంతే.”

“మామనడక్కుండా ఆ మాటెత్తకే. ఆయన గాయం అది, నీది కాదు.”

“నాది కూడాను,” అన్నాను. బావ లేచి చెప్పులు విప్పుకున్నాడు.

సభ రోజు ఉదయం పదింటికే షామియానా నిండిపోయింది. నాన్న ఉతికిన పంచె కట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు, కుడి చెవి మైకు వైపు తిప్పుకుని. అప్పుడు టీ బడ్డీ దగ్గర కూర్చున్న పదిహేను మందిలో బతికున్నవాళ్ళందరూ వచ్చారు. నేను ఒక్కొక్కరినీ చూసుకున్నాను. ఎవరైనా తక్కువైతే బాధపడేదాన్ని.

నా వంతు వచ్చింది. ఆయన రాసిచ్చిన కాగితం మడత విప్పలేదు.

“ఏఎస్సై గారి గురించి ఒక ముక్క చెప్పమన్నారు. చెప్తాను. పన్నెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఆ టీ బడ్డీ ముందర, ఈయన మోటారు వైండింగ్ చేసుకునే ఒక మనిషిని రాగి దొంగ అని కొట్టారు. కేసు లేకుండా రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. ఆయనకి ఒక చెవి పోయింది, పని పోయింది. తరవాత అసలు దొంగలు దొరికారు. ఆ సంగతి ఊరికి వచ్చి చెప్పడానికి ఈయనకి ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు. ఆ మనిషి మా నాన్న.”

ఏఎస్సై నా వైపు చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. ఆ క్షణం కోసమే నేను ఇన్ని శనివారాలు ఆయనతో కూర్చుని టీ తాగాను. రంగు పోయిన ఆ మొహాన్ని తనివితీరా చూశాను. అందుకు సిగ్గుపడను.

పెద్దాఫీసరు తలతిప్పి, “నిజమేనా?” అన్నారు.

“అప్పట్లో... అనుమానం మీద తీసుకెళ్ళాం సార్.”

నేను మైకు వదల్లేదు. “సార్, ఈయన్ని శిక్షించమని నేను అడగట్లేదు. కొట్టింది ఈ ఊళ్ళోనే కాబట్టి, మా నాన్న దొంగ కాదన్న మాట కూడా ఈ ఊళ్ళోనే చెప్పమంటున్నాను.”

ఆఫీసరు చెయ్యి చూపించారు, చెప్పమని. ఆయన లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

“అప్పుడు ఒక పొరపాటు జరిగింది...”

“జరిగింది కాదు సార్,” అన్నాను. “చేశాను అనండి.”

పెద్దాఫీసరు వైపు ఒకసారి చూశాడు. తరవాత, “చేశాను,” అన్నాడు. “ఆయన దొంగ కాదు. ఆ రోజు కూడా నాకు గట్టిగా తెలీదు దొంగో కాదో. రైతులు గోల చేస్తున్నారని కొట్టాను. తప్పు నాది.”

నేను మూడో వరస వైపు చూశాను. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది.

నాన్న ఇంటికి పరుగెత్తాను. పెరట్లో మొహం అవతలికి పెట్టుకుని కూర్చున్నాడు.

“నాన్నా, ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు,” అన్నాను కుడివైపుకి వెళ్ళి.

“నిన్నెవులు సెప్పమన్నారే?” అన్నాడు. నాన్న గొంతు అలా ఎప్పుడూ వినలేదు. “ఊరు మరిసిపోయింది. సిన్నపిల్లలకి తెల్దు. ఇయ్యాల నా సెంపదెబ్బ మైకులో సెప్పి అందరికీ తెలిసీలా సేసేవు.”

“ఊరు మర్చిపోలేదు నాన్నా. మర్చిపోతే మోటార్లన్నీ అనకాపల్లి ఎందుకెళ్తన్నాయి?”

“అది నా బాద. నన్ను అడిగేవేటి? ఒక్కపాలి అడిగేవేటి?”

అడగలేదు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. నేను అన్నం తీసుకెళ్తే తిన్నాడు గానీ మొహం చూడలేదు. పగ తీరిన సంతోషం అలాగే ఉంది, దాని పక్కనే ఈ ముల్లూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకోలేదు.

పదో రోజు మధ్యాహ్నం షాపుకి వచ్చాడు. ఎవరూ లేరని చూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆడు సివర్న ఏటన్నాడు? నాను లెగిసి వచ్చేసేను. నాకు ఇనబళ్ళేదు.”

చెప్పాను. ఒక్క మాట పొల్లుపోకుండా.

“సేసేను అన్నాడా?”

“అన్నాడు.”

“మళ్ళీ సెప్పు.”

మళ్ళీ చెప్పాను. లేచి పంచె దులుపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నా చేత్తో టీ పెట్టించుకు తాగాడు.

ప్రశంసా పత్రం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు. ఏఎస్సైని నెలలోగా వేరే స్టేషనుకి మార్చారు. కమిటీ ఇక మూతపడుతుందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తరవాతి రెండో శనివారం పంచాయతీ ఆఫీసులో కూర్చోవడానికి చోటు చాల్లేదు. ఒక్కొక్కరూ తమ పాత దెబ్బ చెప్పుకున్నారు. ఒకడు బండి కాగితాలు లేవని తిన్న దెబ్బ, ఒకామె ఫిర్యాదు రాయించడానికి వెళ్ళి పొద్దంతా గేటు బయట నిలబడ్డ సంగతి. కుర్ర ఎస్సై ఎదురు మాట్లాడకుండా అన్నీ రాసుకున్నాడు. చివర్లో, “ఇవి ముందే చెప్పి ఉంటే ఈ కమిటీకి కరపత్రాలు అక్కర్లేకపోను,” అన్నాడు. ఆ రోజు నుంచీ జనం పోలీసులకి తమంతట తామే ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. నేను తీర్చుకున్న పగకి ఇలాంటి ఫలితం వస్తుందని అనుకోలేదు. వచ్చినందుకు పేరు నాకు దక్కకూడదు కూడా.

వర్షాలు మొదలయ్యాక ఒక రైతు కాలిపోయిన మోటారు ట్రాక్టరులో వేసుకుని మా నాన్న ఇంటికి వచ్చాడు. ఆనాడు టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకడు.

“బావా, నీ సేతి వైండింగు ఇంకోడికి రాదు. సూసి పెట్టు,” అన్నాడు.

నాన్న మోటారు చుట్టూ తిరిగి చూశాడు. తీగ మీద వేలు పెట్టి గీశాడు. వాసన చూశాడు. నేను అరుగు మీంచి చూస్తున్నాను.

“సేత్తాను గానీ, నాకిప్పుడు తీరిక నేదు బావా,” అన్నాడు. “అనకాపల్లి అట్టుకెల్లు.”

ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. తీరిక లేదన్న నాన్నకి ఆ రోజు పొద్దంతా మంచం దిగే పనే లేదు. మా ఇంట్లో కక్ష నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఈమధ్య ఏఎస్సై మళ్ళీ నా షాపుకి వచ్చాడు. రిటైరయ్యాడు. పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో పెట్టించుకోవాలి. అనకాపల్లిలో అలాంటి షాపులు బోలెడున్నాయి. అన్నీ వదిలి ఇక్కడికే ఎందుకొచ్చాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ముందు నలుగురున్నారు. వరసలో నిలబడ్డాడు. మోకాళ్ళు నొప్పులని తెలుసు నాకు. ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు.

ఆయన వంతు వచ్చాక వేలిముద్ర తీసుకున్నాను. మూడుసార్లకి గానీ పడలేదు. ఆయన బతికే ఉన్నాడని మెషీను ఒప్పుకున్నాక కాగితం తీసి ఇచ్చాను.

“మీకింకా కోపం పోలేదు కదమ్మా?” అన్నాడు. సిస్టర్ అనలేదు.

“పోలేదండి.”

“మీ నాన్నగారు...”

“ఆ మాట నన్ను అడక్కండి. వెళ్ళి ఆయన్నే అడగండి. ఇల్లు మీకు తెలుసు.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగి, మా నాన్న ఇంటి వైపు వెళ్ళే రోడ్డుకేసి కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత హైవే వైపు తిరిగి, బస్సుకి చెయ్యెత్తాడు. నేను వెనక నిలబడ్డామెని రమ్మని, ఆమె చేతిలోంచి రేషన్ కార్డు అందుకున్నాను.